దిగినోళ్లు, తీసినోళ్లు: ఫొటో హక్కు, రాతకాగితం, దళితుల అనుభవం

ఫొటో గురించి మాట్లాడేటప్పుడు తెలుగులో రెండు క్రియలు వాడతాం. ఒకరు ఫొటో తీస్తారు, ఇంకొకరు ఫొటో దిగుతారు. దిగడం కూడా ఒక పనే అని మన భాష ఎప్పుడో ఒప్పుకుంది. ఎండలో నిలబడాలి, చెప్పినట్టు తల తిప్పాలి, తన ముఖాన్ని ఇంకొకరి పెట్టెలోకి పంపాలి. కానీ ఈ దేశంలో ఫొటోల మీదున్న చట్టం తీసినవాడినే చూసింది. ఫొటో ఎవరిదని అడిగితే తీసినవాడిదంటుంది, లేదంటే డబ్బిచ్చి తీయించుకున్నవాడిదంటుంది. తీయనూ లేదు, డబ్బివ్వనూ లేదు, ఊరికే దిగారు. వాళ్ల సంగతేంటి? ఈ మూడో వరసలో నిలబడ్డది ఎవరు? నూటయాభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే ఆ వరసలో ఎక్కువమంది మాల మాదిగలు, ఆదివాసులు, సంచార జాతులవాళ్లు, కరువు కూలీలు, దేవత పేర విడిచిన ఆడపిల్లలు.

మోడల్‌కూ ఫొటోగ్రాఫర్‌కూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలన్న మాట నగరాల్లో, ప్రకటనల కంపెనీల్లో వినపడుతుంది. అది ఫ్యాషన్ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకుంటాం. ఆదోని, ఎమ్మిగనూరు నుంచి చూస్తే అది మన గొడవే. కర్నూలు జిల్లా పడమటి మండలాలకు కెమెరాలు ఏటా వస్తాయి. సుగ్గికి పోయే కుటుంబాల లారీలను తీస్తాయి, తాళం పడ్డ గుడిసెలను తీస్తాయి, జాతరల్లో బసివి ఆడవాళ్లను తీస్తాయి, దసరాకు దేవరగట్టులో పగిలిన తలలను తీస్తాయి. ఇక్కడి మనుషులు మోడల్ అన్న మాట విననూ లేదు, కానీ మోడళ్లే. కూలి లేని మోడళ్లు. వాళ్ల చేతికి ఏ కాగితమూ రాదు. ఇంతకుముందు చేతికొచ్చిన కాగితాలు మాత్రం వాళ్లను ముంచాయి. ఈ రెండు చరిత్రలనూ, బొమ్మ చరిత్రనూ కాగితం చరిత్రనూ, పక్కపక్కన పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం.

పటం కింద పేరు లేని మనిషి

1876–78 కరువును రాయలసీమ పల్లెలు ధాత కరువు అని గుర్తుపెట్టుకున్నాయి. అప్పటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. మద్రాసు రాజధానిలో ఆ కరువుకు ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు రెండూ ఉన్నాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. భూమి లేనివాళ్లు, కూలి తప్ప ఆధారం లేనివాళ్లు ముందు పోయారు. అంటే ఎవరు పోయారో వేరే చెప్పనక్కరలేదు.

ఆ కరువును ఫొటోల్లోకి ఎక్కించినవాడు విలబీ వాలెస్ హూపర్. మద్రాసు అశ్వదళంలో అధికారి. ఎముకలు తేలిన ఆడవాళ్లను, మగవాళ్లను, పిల్లలను గుంపుగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీశాడు. ఆ ఫొటోల్లో ఒకదాని శీర్షికకు 'ఉచిత సాయానికి తగినవాళ్లు' అని అర్థం. 'వాళ్లు' అని మనం చెప్పుకునే చోట ఇంగ్లీషులో ఉన్న మాట 'ఆబ్జెక్ట్స్'. సాయం పొందేవాళ్లు అన్న అర్థంలో ఆనాడు మామూలుగా వాడే మాటే అది. ఫొటో కింద చదివినప్పుడు మాత్రం దాని రెండో అర్థం, వస్తువులు అన్నది, బయటికొస్తుంది. ఫొటో తీశాక అన్నం పెట్టకుండా పంపేశాడన్న నింద హూపర్ మీద చాలాకాలంగా ఉంది. పదేళ్లు తిరక్కముందే, 1886లో, ఇదే మనిషి బర్మాలో మాండలే నగరంలో మరణశిక్షలను ఫొటో తీశాడు. కాల్పుల క్షణం ప్లేటు మీదికి సరిగ్గా ఎక్కాలని చూసుకున్నాడని లండన్ పత్రికల్లో గొడవై, విచారణ దాకా పోయింది. బర్మా సంగతికి విచారణ జరిగింది. కరువు బొమ్మల్లో కూర్చున్నవాళ్లు సరేనన్నారా లేదా అని మాత్రం ఎవరూ విచారించలేదు. చావుకు దగ్గరపడ్డ మనిషి కాదనగలడా?

అంతకుముందే, 1868–75 మధ్య, 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చయ్యాయి. కులానికొక నమూనా, తెగకొక నమూనా. 1857 తిరుగుబాటు తర్వాత పాలించే జనాన్ని గుర్తుపట్టి పెట్టుకోవాలన్న అవసరం ఆ పనికి వెనుక ఉంది. ఆ తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ వచ్చాడు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'ను మన పరిశోధకులు ఈనాటికీ తిప్పుతూనే ఉన్నారు. ఆయన ముక్కులు కొలిచాడు, తలలు కొలిచాడు, ఫొటోలు తీయించాడు. ఫొటో కింద కులం పేరుంటుంది, మనిషి పేరుండదు. మనిషి పోయి మచ్చు మిగిలింది. సంతలో జొన్నల మచ్చు చూపించినట్టు.

జనం ఊరుకున్నారా? లేదు. థర్‌స్టన్ తానే రాశాడు. తమలో మంచి నమూనాలను ఏరి, లోపల గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని పణియ స్త్రీలు భయపడ్డారట. ఎత్తు కొలిచే కర్రను ఉరికంబమనుకుని ఒక ఇరుళ మనిషి కొలత ఇవ్వనన్నాడట. ఆయనకిది తమాషా, చదివిన దొరలకు నవ్వు. మనం ఇంకో తీరుగా చదవాలి. వాళ్ల భయంలో తప్పేముంది? మనిషిని మ్యూజియంలో నిలబెట్టడమే ఆయన చేసిన పని, గడ్డికి బదులు కాగితం మీద. 'నా దేహాన్ని తీసుకుపోయి నువ్వేం చేస్తావు?' అన్నది ఫొటో హక్కుల చరిత్రలో మొదటి ప్రశ్న. దాన్ని అడిగింది అడవిలో ఉన్న ఆడవాళ్లు.

వేలిముద్రా, బొమ్మా అక్కచెల్లెళ్లే

ఇప్పుడు కాగితం సంగతి. ఒప్పందం రాసుకుంటే సరిపోతుందనే చదువుకున్న మిత్రులు ఈ చరిత్రను పట్టించుకోవాలి. 1858లో బెంగాల్‌లో జంగీపూర్ దగ్గర విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామాను సరఫరాకు రాజ్యధర్ కోనాయి అనే కంట్రాక్టరుతో కాగితం రాయించుకున్నాడు. సంతకాన్ని నమ్మక, అరచేతికి సిరా పూసి కాగితం వెనక అచ్చు వేయించాడు. రేపు నాది కాదని తప్పించుకోకుండా భయపెట్టడానికే అట్లా చేశానని హెర్షెలే చెప్పుకున్నాడు. వేలిముద్రల శాస్త్రం చరిత్ర చెప్పేవాళ్లు ఇక్కడినుంచే మొదలుపెడతారు. అంటే దేహపు గుర్తు కాగితం మీదికి ఎక్కింది ఒప్పందం పేరు మీదే. ఒప్పుకున్నవాడి రక్షణ కోసం కాదు, ఒప్పుకున్నవాడిని పట్టి ఉంచడం కోసం.

మన పల్లెల్లో ఈ సంగతి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. ముచ్చలిక, ప్రోనోటు, జీతం కుదుర్చుకున్న చీటీ, అన్నిటి కిందా నిశాని మనోళ్లదే. రాసింది కరణం, చదివింది కరణం, దాచింది రెడ్డి. వేసినవాడి దగ్గర రెండో ప్రతి ఉండదు. ఇరవై రూపాయలకు వేసిన వేలు ఇరవై ఏళ్ల జీతానికి కట్టేసిన సంగతులు ముసలోళ్లు చెప్తారు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి అలాంటి అప్పులను కొట్టేసింది. అంటే కాగితం సక్రమంగా ఉన్నా ఒప్పందం అక్రమం కావచ్చని రాజ్యం కూడా ఒప్పుకున్నట్టే.

పోలీసు స్టేషనులో బొమ్మా వేలిముద్రా కలిసిపోయాయి. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలై, ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే నేరస్థులను చేసింది. 1952 దాకా ఉంది. 1920లో ఖైదీల గుర్తింపు చట్టం కొలతలకూ ఫొటోలకూ అధికారం ఇచ్చింది. ఈ 1920 చట్టంలో 7వ సెక్షన్ ఒకటుంది, చదివితే ఆశ్చర్యమేస్తుంది. అంతకుముందు శిక్షపడని మనిషిని విచారణ లేకుండా వదిలేసినా, కోర్టు నిర్దోషి అన్నా, కోర్టుగానీ మేజిస్ట్రేటుగానీ వేరే చెప్పకపోతే, అతని ఫొటోలను నెగెటివ్‌తో సహా నాశనం చేయాలి, లేదా అతని చేతికివ్వాలి. నెగెటివ్ దిగినవాడి చేతికి! పోలీసు చట్టానికి తట్టిన ఈ ఆలోచన కళకూ పత్రికలకూ సంబంధించిన చట్టానికి తట్టలేదు. స్టేషన్లలో అది ఎంత అమలైందన్నది వేరే మాట. 2022లో ఆ చట్టం పోయి ఇంకా ఎక్కువ అధికారాలున్న కొత్త చట్టం వచ్చింది.

చట్టం ఎవరి చేతికి కాగితమిచ్చింది

1914 నాటి కాపీరైటు చట్టం ఇంగ్లండు చట్టాన్ని దింపుకుంది. నెగెటివ్ ఎవరి సొత్తో ఫొటోకు కర్త వాళ్లే అన్నది. 1957 చట్టం ఫొటో తీసినవాడే కర్త అన్నది. అయితే 17వ సెక్షన్‌లో ఒక మెలిక పెట్టింది. ఎవరైనా ప్రతిఫలమిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లది.

దీని అర్థం ఆదోనిలో చూద్దాం. కొత్తగా పెళ్లయిన మాదిగ జంట స్టూడియోకు పోయి, డబ్బిచ్చి ఫొటో దిగింది. చట్టం లెక్కన ఆ ఫొటో ఆ జంటది. స్టూడియో ఆయన దాన్ని పెద్దది చేసి ముందు అద్దంలో పెట్టుకోవాలంటే వాళ్లను అడగాలి. ఈ సంగతి మనోళ్లలో ఎందరికి తెలుసు? డబ్బిచ్చి దిగిన ఫొటోలో ఇంకో విశేషం కూడా ఉంది. ఊళ్లో పెద్దకులాల ముందు కింద కూర్చోవలసి వచ్చిన మనిషి స్టూడియోలో కుర్చీలో కూర్చుంటాడు. చేతికి గడియారం, జేబులో పెన్ను, పక్కన పూలకుండీ. ఎట్లా కనపడాలో తానే తేల్చుకుంటాడు. సూటు, చేతిలో పుస్తకంతో ఉన్న అంబేడ్కర్ పటం మన ఇళ్లలో గోడ మీదికి ఎక్కడంలో ఉన్న అర్థం కూడా ఇదే. తన బొమ్మ తన ఇష్టప్రకారం ఉండటం ఒక రాజకీయ హక్కు.

అదే పెళ్లికూతురు ఆరు నెలల తర్వాత సుగ్గికి పోతూ లారీలో కూర్చుంది. గుంటూరు మిరప చేలకో, బెంగుళూరు కట్టడాలకో ప్రయాణం. ఒకాయన వచ్చి 'అక్కా, ఇట్ల చూడు' అని తీసుకున్నాడు. డబ్బు ఇవ్వలేదు కాబట్టి ఆ ఫొటో ఆమెది కాదు. అతను పత్రిక ఉద్యోగి అయితే పత్రిక యజమానిది. ఒక్క మనిషి, రెండు ఫొటోలు. కొనుక్కోగలిగిన రోజున ముఖం ఆమెది, కొనుక్కోలేని రోజున ఇంకొకరిది. కులమూ వర్గమూ చట్టం పుస్తకంలోకి ఎట్లా చొరబడతాయో చూపించడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ అక్కర్లేదు.

ఇక 19వ సెక్షన్. ఫొటోగ్రాఫర్ తన హక్కును ప్రచురణకర్తకు బదలాయించాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. 1994 సవరణ దానికి ఇంకా చేర్చింది. ఏ పనికి, ఏ ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత ప్రతిఫలానికి, అన్నీ రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే మాట రాసుకోకుంటే, అది రద్దు. కంపెనీ ముందు ఒంటరిగా నిలబడ్డ కళాకారుడు మోసపోకూడదని చేసిన మంచి ఏర్పాటు ఇది. కానీ గమనించండి. తీసినవాడికీ అచ్చేసినవాడికీ మధ్య ఇంత పకడ్బందీ కాగితం. దిగినవాడికీ తీసినవాడికీ మధ్య ఖాళీ. ఆ ఖాళీలోనే మన జనం నిలబడి ఉన్నారు.

పిండి బస్తా మీద పిల్ల

ఈ ఖాళీని పూడ్చాలన్న పోరాటం అమెరికాలో ఒక మామూలు అమ్మాయి నుంచి మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలో అబిగైల్ రాబర్‌సన్ అనే పిల్ల ఫొటోను ఒక పిండిమిల్లు కంపెనీ ఆమెను అడక్కుండా 25,000 ప్రకటన కాగితాల మీద వేసి దుకాణాల్లో అంటించింది. ఆమె కోర్టుకెక్కింది. 1902లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నలుగురు ముగ్గురు తేడాతో, అలాంటి హక్కు చట్టంలో లేదు పొమ్మంది. జనం మండిపడ్డారు. 1903లో శాసనసభ చట్టం చేసింది. వ్యాపారానికిగానీ ప్రకటనకుగానీ ఎవరి బొమ్మ వాడాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి, మైనరైతే తల్లిదండ్రులదో సంరక్షకులదో ఉండాలి. ఇవాళ మోడళ్లతో సంతకం పెట్టించుకునే అనుమతిపత్రానికి మూలాల్లో ఇదొకటి. అప్పుడు తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి పార్కర్ 1904లో అధ్యక్ష పదవికి నిలబడి, ఫొటోగ్రాఫర్లు తనను, తన ఇంటివాళ్లను వేధిస్తున్నారని వాపోయాడు. అలాంటి హక్కు లేదని చెప్పింది మీరే కదా అని రాబర్‌సన్ బహిరంగ లేఖ రాసింది.

ఆ అమెరికాలోనే నల్లవాళ్లకు ఈ న్యాయం అందలేదు. 1850లో లూయీ అగసీ అనే హార్వర్డ్ పండితుడు, జాతుల మధ్య హెచ్చుతగ్గులున్నాయని రుజువు చేయడానికి దక్షిణ కెరొలైనాలో బానిసలను బట్టలు విప్పించి ఫొటోలు తీయించాడు. అందులో రెంటీ అనే తండ్రి, డెలియా అనే కూతురు ఉన్నారు. తాను రెంటీ వంశంలోదాన్నంటూ టమారా లానియర్ 2019లో హార్వర్డ్ మీద దావా వేసింది. 2022లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఫొటో మీద ఆస్తి హక్కు దిగినవాళ్లకు రాదని చెప్తూనే, ఆమె పట్ల విశ్వవిద్యాలయం నడిచిన తీరుకు మనోవేదన దావా చెల్లుతుందన్నది. 2025లో రాజీ కుదిరింది. హార్వర్డ్ ఆ ఫొటోలను వదులుకుంది. నూటడెబ్బై అయిదేళ్లు పట్టింది! థర్‌స్టన్ సంపుటాల్లో కులం పేరుతో నిలబడి ఉన్న మన తాతముత్తాతల తరఫున అడిగేవాళ్లెవరు?

సుగ్గి కూలీలకు దగ్గరి బంధువు లాంటి ఫొటో కూడా ఆ దేశంలో ఉంది. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీలు ఏరే కూలీల గుడారాల దగ్గర డొరొథియా లాంగ్ తీసిన 'వలస తల్లి'. ప్రపంచమంతా తిరిగిన బొమ్మ. అందులో ఉన్న ఫ్లోరెన్స్ థాంప్సన్, చెరోకీ ఆదివాసి స్త్రీ, నలభై ఏళ్లు పేరు లేకుండా ఉంది. 1970లలో ఆమె సంగతి బయటికొచ్చింది. ఆ ఫొటో వల్ల తనకు చిల్లిగవ్వ రాలేదని, అది తీయకపోయినా బాగుండేదని చెప్పింది. లాంగ్ దుర్మార్గురాలు కాదు, పేదల పక్షాన నిలబడ్డ మనిషి. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన హక్కు తీరదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

1994: ఒకే ఏడాది మూడు సంగతులు

మన దేశంలో 1994ను గుర్తుపెట్టుకోవాలి. పైన చెప్పిన కాపీరైటు సవరణ ఆ ఏడాదిదే. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు రాజగోపాల్ కేసులో, ఆటో శంకర్ ఆత్మకథ వ్యవహారంలో, ఏకాంతపు హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది. తన గురించి, తన కుటుంబం గురించి అనుమతి లేకుండా ప్రచురించకుండా కాపాడుకునే హక్కు పౌరుడికుంది. పబ్లిక్ రికార్డుల్లో ఉన్నది రాయొచ్చు. కానీ లైంగిక దాడికి గురైన స్త్రీ విషయంలో అది కూడా కుదరదు.

మూడోది ఫూలన్‌దేవి కేసు. మల్లా కులంలో పుట్టిన ఆ స్త్రీ పదకొండేళ్లు జైల్లో ఉంది. చదువు రాదు. ఆమె బతికుండగానే ఆమె మీద జరిగిన అత్యాచారాలను 'బాండిట్ క్వీన్' సినిమాలో చూపించారు. ఆమెతో కుదిరిన ఒప్పంద పత్రం ఉందన్నారు. బతికున్న స్త్రీ అనుమతి లేకుండా ఆమె మానభంగాన్ని మళ్లీ తెరకెక్కించే హక్కు మీకెక్కడిదని అరుంధతీ రాయ్ అప్పట్లోనే నిలదీసింది. ఢిల్లీ హైకోర్టు ఆ కాగితంతో సర్వహక్కులూ వచ్చేశాయని ఒప్పుకోలేదు. ప్రదర్శన ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత రాజీ కుదిరింది.

ఈ కేసు మనకు రెండు పాఠాలు చెప్తుంది. కాగితం లేకపోతే అన్యాయం. కాగితం ఉన్నా, చదవలేని మనిషి జైలు గోడల మధ్య వేసిన గుర్తును స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారమని ఎట్లా అంటాం? 1872 నాటి కాంట్రాక్టు చట్టమే స్వేచ్ఛగా ఇవ్వని అంగీకారం చెల్లదంటుంది, పలుకుబడితో లొంగదీసి రాయించుకున్నది రద్దు చేయించుకోవచ్చంటుంది. ఊళ్లో పెద్దరైతు వెంటబెట్టుకొచ్చిన ఫొటోగ్రాఫర్ ముందు మాలపేట ఆడమనిషి వేసే వేలిముద్రను ఈ సెక్షన్లతోనే కొలవాలి.

బసివి బొమ్మ

పడమటి కర్నూలులో అన్నిటికంటే సున్నితమైన సంగతి బసివి ఆచారం. మగపిల్లలు లేని ఇంట్లో ఆడపిల్లను దేవుడికి విడిచి, కొడుకు చేయాల్సిన కర్మలూ కొడుకు హక్కులూ ఆమెకిచ్చే ఆచారమని 19వ శతాబ్దం చివర్లో ఫాసెట్ అనే పోలీసు అధికారి వ్యాసం రాశాడు. మగవాళ్ల హక్కులు పొందే స్త్రీలు అని శీర్షికలోనే పెట్టాడు. ఆ హక్కుల మాటున ఊరి పెద్దల కామానికి మాదిగ, బోయ పిల్లలు బలైన సంగతి చరిత్ర. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ అంకితం నిషేధ చట్టం చేసింది. బసివి, జోగిని, మాతమ్మ, పేరేదైనా నిషేధమే.

చట్టం వచ్చాక కెమెరాలు ఎక్కువయ్యాయి. పరిశోధకులు, పత్రికలవాళ్లు, నిధుల కోసం నివేదికలు రాసే సంస్థలు. మెడలో ముత్యాలదండ, నుదుట బండారు, శూన్యంలోకి చూసే కళ్లు. ఫొటో కింద 'ఒక బసివి'. థర్‌స్టన్ పద్ధతే ఇది, రంగుల్లో. ఆమె ఆచారం వదిలేసి కూలికి పోతూ ఉండొచ్చు. కూతురు ఎమ్మిగనూరులో కాలేజీలో చదువుతూ ఉండొచ్చు. ఆ బొమ్మ ఏదో పుస్తకం అట్ట మీద, ఏదో సంస్థ క్యాలెండరు మీద తేలిన రోజున ఆ పిల్ల తరగతిలో ఎట్లా తలెత్తుకుంటుంది? ఆచారం మనిషిని విడిచినా బొమ్మ విడవదు. చట్టం అంకితాన్ని నిషేధించింది. ఫొటో ఆమెను మళ్లీ అంకితం చేస్తోంది.

ఇక్కడ 2013లో శిక్షాస్మృతికి చేర్చిన 354సి సెక్షన్ వివరణ ఒకటి పనికొస్తుంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. ఆడవాళ్ల ఏకాంతపు బొమ్మల గురించి అది ఒక మంచి సూత్రం చెప్పింది. తీయడానికి ఒప్పుకుంటే పంచడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఈ సూత్రాన్ని ఆ నేరం దగ్గరే ఎందుకు ఆపాలి? దిగడానికి ఒప్పుకోవడం ఒకటి, అచ్చుకు ఒప్పుకోవడం ఇంకొకటి, అమ్మకానికి ఒప్పుకోవడం మరొకటి. మూడింటికీ మూడుసార్లు అడగాలి.

ఎవరి అనుమతి అక్కర్లేదు

మిత్రులు ఒక మాటంటారు. అన్నిటికీ సంతకాలంటే ఉద్యమం ఎట్లా నడుస్తుంది? రెండు గ్లాసుల హోటలును ఫొటో తీయాలంటే హోటలాయన సంతకం కావాలా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు లోకానికి తెలిసిందాంట్లో ఫొటోల పాత్ర లేదా? ప్రశ్న న్యాయమైందే. జవాబు అధికారం ఎటువైపుందన్న దాన్ని బట్టి ఉంటుంది. దాడి చేసినవాడు, గుడి తలుపు మూసినవాడు, కూలి ఎగ్గొట్టినవాడు బయట చేసిన పనికి వాళ్ల అనుమతి అక్కర్లేదు. అది సాక్ష్యం. అనుమతి కావాల్సింది దెబ్బతిన్న మనిషి దేహానికి. చనిపోయినవాళ్లయితే ఇంటివాళ్లను అడగాలి. 2006లో ఖైర్లాంజీ మృతదేహాల ఫొటోలు ఎక్కడెక్కడో తిరిగాయి. కోర్టుకు సాక్ష్యంగా చూపించడం వేరు, గోడలకు అంటించడం వేరు. మన సంఘాల కరపత్రాలకూ ఈ తేడా వర్తిస్తుంది. అగ్రవర్ణ పత్రిక చేస్తే దోపిడీ, మనం చేస్తే చైతన్యం అనడానికి వీల్లేదు.

మనం కోరాల్సిన కాగితం

2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకాంతం ప్రాథమిక హక్కన్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అనుమతి అడిగే మాట తేటగా ఉండాలని, ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలని, ఇచ్చిన అనుమతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని అంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలులోకి రావాలి. దానికోసం చూస్తూ కూర్చోనక్కర్లేదు. నమూనా మన చేతిలోనే ఉంది: కాపీరైటు చట్టం 19వ సెక్షన్. ఫొటోగ్రాఫర్‌కు ప్రచురణకర్త ఇవ్వాల్సిన హామీలనే దిగినవాళ్లకు ఫొటోగ్రాఫర్ ఇవ్వాలి.

ఏ ఫొటో, దేనికోసం, రాయాలి. పుస్తకానికా, పత్రికకా, ప్రదర్శనకా, చందాలకా? ఎంతకాలం, రాయాలి. రాయకపోతే ఐదేళ్లే. ఎక్కడెక్కడ, రాయాలి. సొంత జిల్లాలో వద్దంటే వద్దు. ఎంత డబ్బు, రాయాలి. అమ్ముకుంటే వాటా. కింద పేరు వేయాలా వద్దా, కులం రాయాలా వద్దా, దిగినవాళ్లే చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలతో సంతకం వద్దు, పత్తిచేలో కనపడినా జాతరలో కనపడినా ముఖం వేయొద్దు. కాగితాన్ని తెలుగులో, ఆ ఇంట్లో మాట్లాడేది కన్నడమో ఉర్దూనో అయితే ఆ భాషలో, చదివి వినిపించాలి. వినేటప్పుడు పక్కన ఉండే మనిషిని దిగినవాళ్లే ఎంచుకోవాలి. సర్పంచో, భూమి యజమానో, ఫొటోగ్రాఫర్ తెచ్చుకున్న దళారో కాదు. అన్నిటికంటే ముఖ్యం, రెండో ప్రతీ ఫొటో ప్రతీ ఆమె చేతిలో ఉండాలి. చదవలేకపోయినా ఉండాలి. రేపు కూతురు చదువుతుంది.

2011 జనాభా లెక్కల నాటికి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. ఇలాంటి చోట కాగితమెందుకు, నోటిమాట చాలదా అంటే, నోటిమాటతో నష్టపోయిందీ మనమే, కాగితంతో నష్టపోయిందీ మనమే. తేడా కాగితంలో లేదు. ఎవరు రాశారు, ఎవరు చదివారు, ఎవరి పెట్టెలో ఉంది, అందులో ఉంది. కరణం పెట్టెలో ఉన్న ముచ్చలిక సంకెల. మన ఇంట్లో దూలానికి చెక్కిన కాగితం ఆయుధం.

ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో మన పిల్లలు చదువుతున్నారు. ప్రతి చేతిలో ఫోనుంది, అంటే ప్రతి చేతిలో కెమెరా ఉంది. తీసినోళ్ల వరసలోకి ఇప్పుడు మనమూ వచ్చాం. దిగినోళ్ల బాధ తెలిసినవాళ్లం కాబట్టి మొదటి కాగితం మనమే రాయాలి. ఈసారి సుగ్గి లారీ కదిలే ముందు, జాతరలో తప్పెట మోగే ముందు, కెమెరా తీసిన ప్రతి ఒక్కరినీ వాడలో ఎవరో ఒకరు అడగాలి: కాగితం ఏది? రెండో ప్రతి ఏది?